డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

కంటికి కనబడు శత్రువుతో పోరాడుట సులభము. పులి వచ్చినచో పరుగెత్తవచ్చును. పాము కనబడినచో కర్ర చేతబట్టవచ్చును. కాని గాలిలోను, నీటిలోను, మన్నులోను కంటికి కనబడక పొంచియుండి, మన శరీరములోనే ప్రవేశించి మనలను కూల్చు శత్రువులు కలవు. అవియే రోగక్రిములు. వానిలో అనేక జాతులు కలవు. ఒక జాతిని చంపు మందు మరియొక జాతిని తాకనైనను తాకదు. ఏ శత్రువునకు ఏ ఆయుధము తగునో తెలిసికొనుటయే వైద్యశాస్త్రమునకు ప్రాణము. ఆ తెలివి కొరకు తన జీవితమునంతను ధారపోసిన ఆంధ్రుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నడిపిన పరిశోధనాలయమునుండి వెలువడిన ఒక పసుపుపచ్చని మందు లక్షలాది రోగులకు ప్రాణదానము చేసెను. అంతియే కాక, వైద్యలోకము చిరకాలముగా పడుచున్న ఒక పొరపాటును కూడ అది బయటపెట్టెను.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరి మండలములోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో ఆయన నాల్గవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయన ఉద్యోగమునుండి త్వరగా విరమింపవలసివచ్చుటచే కుటుంబము ఇబ్బందుల పాలయ్యెను. ఇంటి బరువు క్రమక్రమముగా తల్లిపై పడెను. ఆమె పట్టుదల గల స్త్రీ. తన బిడ్డ గొప్ప విద్యావంతుడు కావలెనని ఆమె కోరిక. కాని బాలునకు మొదట చదువుపై శ్రద్ధ కుదురలేదు.

పదమూడేండ్ల వయసున సుబ్బారావునకు ఒక వింత ఆలోచన కలిగెను. కాశీక్షేత్రమునకు నిత్యము వేలకొలది యాత్రికులు వత్తురు. వారికి అరటిపండ్లు అమ్మినచో మిక్కిలి ధనము గడింపవచ్చునని అతడు తలచెను. తలచినదే తడవుగా ఎవరికిని చెప్పక ఇల్లు విడిచెను. పెద్దలు వెదకి అతనిని వెనుకకు తీసికొనివచ్చిరి. తల్లి అతనిని మరల రాజమహేంద్రవరములో చదువునకు పంపెను. ఆ దినములలోనే కుటుంబమున మరణములు సంభవించి, బాలుని మనస్సు చెదరెను. మెట్రిక్యులేషను పరీక్షలో అతడు రెండు పర్యాయములు తప్పెను. అయినను తల్లి నిరాశ చెందలేదు. ఆమె తన నగలు అమ్మి కుమారుని మద్రాసునకు పంపెనని చెప్పుదురు. తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చదివి, మూడవ ప్రయత్నమున అతడు ఉత్తీర్ణుడయ్యెను. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు ముగించెను.

యౌవనమున సుబ్బారావు మనస్సు సన్న్యాసమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమున చేరి దీనజనసేవలో జీవితము గడపవలెనని ఆయన నిశ్చయించుకొనెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. వైద్యము నేర్చినచో సేవ మరింత బాగుగా చేయవచ్చునని పెద్దలు బోధించిరి. సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువునకు సాయపడి, తన కుమార్తె శేషగిరిని 1919లో ఆయనకు ఇచ్చి వివాహము చేసెను. ఈ కాలముననే సుబ్బారావు అన్నయగు పురుషోత్తము స్ప్రూ అను వ్యాధిచే మరణించెను. ఆ వ్యాధిలో తిన్న అన్నము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనుజుడు నానాటికి కృశించి నశించును. ఆనాటి వైద్యులకు దానిని కుదుర్చు మందు తెలియదు. చదువుచున్నది వైద్యము, ఇంటిలో అన్న చనిపోవుచుండగా చేయగలిగినది శూన్యము. ఆ బాధ సుబ్బారావు హృదయమున ముల్లువలె నాటుకొనెను.

అవి జాతీయోద్యమపు దినములు. విదేశీ వస్త్రములను విడువుడని గాంధీమహాత్ముడు పిలుపు ఇచ్చెను. సుబ్బారావు శస్త్రచికిత్సాగారమున సయితము ఖద్దరు దుస్తులే ధరించెను. అది ఆంగ్లేయుడైన ఆచార్యునకు కంటగింపయ్యెను. లిఖిత పరీక్షలలో చక్కగా వ్రాసినను, సుబ్బారావునకు ఎం. బి. బి. ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్. ఎం. ఎస్. పట్టమే లభించెను. ప్రభుత్వోద్యోగపు ద్వారము మూసుకొనెను. అప్పుడు ఆయన మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడుపుచున్న ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడుగా చేరెను. అచ్చట మన పూర్వుల మందులను శ్రద్ధగా పరిశీలించెను. మందులు ఏల పనిచేయుచున్నవి, ఏ వ్యాధిపై పనిచేయుచున్నవి అను ప్రశ్నలు ఆయనను విడువలేదు. వానికి సమాధానము కావలెనన్నచో ఆధునిక రసాయనశాస్త్రము నేర్వవలెనని ఆయనకు తోచెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ కొంత సాయము వాగ్దానము చేసెను. మామగారు మరికొంత ధనము సమకూర్చిరి. భార్యను పుట్టినింట విడిచి, చదువు ముగించి తిరిగివచ్చు సంకల్పముతో సుబ్బారావు సముద్రప్రయాణము సాగించి, 1922 చివరలో అమెరికాలోని బోస్టను నగరము చేరెను. కాని ఆయన తిరిగివచ్చు దినము రానేలేదు. ఆయన వెడలిన పిదప పుట్టిన కుమారుడు శిశుప్రాయమునందే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమైనను చూడలేదు. విద్యకొరకు ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. ఇంటనున్న భార్య చెల్లించినది అంతకంటె పెద్దది.

బోస్టనులో సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రము అభ్యసించెను. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో కూలిపని. వైద్యపట్టము పొందినవాడైయుండియు, రోగుల మలమూత్ర పాత్రలను కడుగుటకు ఆయన సిగ్గుపడలేదు. పిమ్మట సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరి, రక్తములోను మూత్రములోను ఉండు భాస్వరమును కొలుచు సులభ పద్ధతిని ఆయనతో కలిసి కనిపెట్టెను. 1925లో ప్రకటింపబడిన ఆ పద్ధతి ఆ ఇరువురి పేరులతో ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటను వ్యాపించెను. మన కండరములు పనిచేయుటకు శక్తి ఎచ్చటనుండి వచ్చుచున్నదను ప్రశ్నకు కూడ వారు సమాధానము వెదకిరి. శరీరమున శక్తిని నిలువచేయు ఏ. టి. పి. అను పదార్థమును వారు 1929లో ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీ దేశమున లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను. 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయము సుబ్బారావునకు డాక్టరు పట్టము ఒసగెను. కాని స్థిరమైన ఆచార్యపదవి మాత్రము ఆయనకు లభింపలేదు.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరెను. త్వరలోనే అచ్చటి పరిశోధనలకెల్ల ఆయనయే అధిపతి అయ్యెను. అన్నను కబళించిన స్ప్రూ వ్యాధి ఆయనకు మరపునకు రాలేదు. రక్తహీనతతో బాధపడు గర్భిణీ స్త్రీలకు ఈస్టు రసము గుణమిచ్చునని లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో 1931 నాటికే కనుగొనియుండెను. ఆ రసములోని గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావును ఆయన సహచరులును 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. ఉష్ణదేశములలోని స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూడగా, వారి రక్తము మరల వృద్ధి చెందెను. అన్నను బ్రతికింపలేకపోయిన తమ్ముడు, అన్నవంటి వేలమందికి మందు సంపాదించి పెట్టెను.

ఫోలిక్ ఆమ్లము కథ అంతటితో ముగియలేదు. రక్తమును వృద్ధిచేయు ఈ మందు రక్తపు క్యాన్సరుకు కూడ పనిచేయునేమోయని వైద్యులు ఆశపడిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు పరీక్షించి చూడగా, రోగము తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు కనబడెను. ఆశ భగ్నమయ్యెను, కాని ఆ భంగములోనే ఒక దారి కనబడెను. ఫోలిక్ ఆమ్లము క్యాన్సరు కణములను పెంచుచున్నచో, దానిని అడ్డగించు పదార్థము వానిని అణచవలెను గదా! సుబ్బారావు ప్రయోగశాల అట్టి పదార్థములను తయారుచేసి ఫార్బరునకు పంపెను. 1948 జూను నెలలో ప్రకటించిన ఫలితములలో, చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడెను. మందుతో రక్తపు క్యాన్సరును లొంగదీయు మార్గమున అది మొదటి అడుగు. ఆ వర్గములోని మెథోట్రెక్సేట్ అను మందును తక్కువ మోతాదులో తరువాతి వైద్యులు కీళ్లవాతమునకు వాడిరి. ఒక వ్యాధికై పుట్టిన మందు మరియొక వ్యాధికి పనికివచ్చుట ఎట్లు జరుగునో ఇందువలన తెలియుచున్నది. ఆశ దారి చూపవచ్చును. కాని తీర్పు చెప్పవలసినది పరీక్షయే.

మన కోస్తా మండలములలో బోదకాలు వ్యాధి ఎంత బాధాకరమో అందరెరిగినదే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పసిఫిక్ దీవులలోని అమెరికా సైనికులకు కూడ ఆ వ్యాధిక్రిములు సోకెను. సుబ్బారావు పర్యవేక్షణలో వందలకొలది రసాయనములను పరీక్షించి, 1947 నాటికి హెట్రజాన్ అను మందును సాధించిరి. ఆ మందు నేటికిని మన దేశమున బోదకాలు నివారణకు ఊరూర పంచబడుచున్నది.

ఇక ఆ పసుపుపచ్చని మందు సంగతి చెప్పవలెను. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనెను. రెండవ ప్రపంచ యుద్ధమున అది అసంఖ్యాకులను రక్షించెను. ఒక సూక్ష్మజీవి తన పొరుగు జీవులను చంపుటకు పుట్టించు పదార్థమునే మనము మందుగా వాడుకొందుము. అట్టి మందులకు యాంటీబయాటిక్ మందులని పేరు. కాని పెనిసిలిన్‌కు కొన్ని తెగల బాక్టీరియా లొంగలేదు. మరింత విస్తారముగా పనిచేయు మందు కావలెనని సుబ్బారావు సంకల్పించెను. అందుకొరకు ఆయన ఎన్నుకొన్నవాడు బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయము ఆయనకు వయసు మీరినదని విశ్రాంతి ఇచ్చియుండెను. 1944లో లెడర్లీలో చేరునాటికి ఆయనకు 70 ఏండ్లు దాటినవి. సుబ్బారావు వయస్సును చూడలేదు. శిలీంధ్రములను గూర్చియు సూక్ష్మజీవులను గూర్చియు ఆయనకున్న జ్ఞానమును చూచెను.

డగ్గర్ మిత్రులకు జాబులు వ్రాసి, నానాప్రదేశములనుండి మట్టి తెప్పించెను. ఒక్కొక్క చిటికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు ఉండును. వానిని వేరుచేసి, పెంచి, ఒక్కొక్కటి రోగక్రిములను చంపునో లేదో చూచుట చాల ఓపికతో కూడిన పని. 1945లో మిస్సౌరీ విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారువన్నె గల ఒక జీవి కనబడెను. దానికి ఏ-377 అని సంఖ్య వేసిరి. దాని రసము అనేక జాతుల బాక్టీరియాను అణచివేసెను. లాటిను భాషలో బంగారమును తెలుపు మాటనుండి ఆ మందునకు ఆరియోమైసిన్ అని పేరిడిరి. జంతువులపై పరీక్షించిన పిదప, న్యూయార్కులోని హార్లెం ఆస్పత్రిలో లూయీ రైట్ అను ప్రఖ్యాత నల్లజాతి వైద్యుడు దానిని మొట్టమొదట మనుష్యులకు ఇచ్చి చూచెను. 1948 జులై నెలలో న్యూయార్కు విజ్ఞాన పరిషత్తు సభలో దాని గుణములు లోకమునకు వెల్లడింపబడెను. ఆ విజయమునకు ముందు నిలిచిన పేరు డగ్గర్‌ది. పరిశోధనలకెల్ల అధిపతియైనను సుబ్బారావు తన పేరును ముందునకు తెచ్చుకొనలేదు.

ఇచ్చటనే ఒక చిక్కుప్రశ్న పుట్టెను. దానిని గ్రహించుటకు బాక్టీరియాకును వైరసునకును గల భేదము తెలిసికొనవలెను. బాక్టీరియా స్వతంత్ర సంసారి వంటిది. దానికి సొంత ఇల్లు, సొంత వంటశాల కలవు. తనకు కావలసిన మాంసకృత్తులను తానే వండుకొనును. వైరసు అట్లు కాదు. దానికి ఇల్లును లేదు, పొయ్యియును లేదు. అది మన శరీరకణములలో దూరి, మన పొయ్యిమీదనే తన వంట వండుకొనును. పెనిసిలిన్ బాక్టీరియా ఇంటిగోడను కట్టనీయదు. ఆరియోమైసిన్ బాక్టీరియా వంటశాలలోని పొయ్యిని ఆర్పును. గోడయు పొయ్యియు లేని వైరసును ఈ మందులు ఏమి చేయగలవు?

అయితే ఆనాటి వైద్యులకు ఈ భేదము ఇంత స్పష్టముగా తెలియదు. మిక్కిలి సన్నని రంధ్రములు గల వడపోతగుండ దాటిపోవునది వైరసనియు, జీవకణములు లేనిదే పెరుగనిది వైరసనియు వారు తలచెడివారు. ఆ లెక్కను చిలుకలనుండి మనుష్యులకు అంటుకొను ఒక జ్వరమును వైరసు వ్యాధిగా ఎంచిరి. 1929, 1930 సంవత్సరములలో అమెరికాలోను ఐరోపాలోను పెంపుడు చిలుకల మూలమున ఈ జ్వరము ప్రబలి, ఊపిరితిత్తులను చెరచి, అనేకుల ప్రాణములు తీసెను. అట్లే రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికుల శిబిరములలో ఒక వింత న్యుమోనియా కనబడెను. అందు జ్వరము, తలనొప్పి, వారముల తరబడి పొడిదగ్గు ఉండును. ఎక్స్‌రే చిత్రమున ఊపిరితిత్తులలో మచ్చలు కనబడును. సల్ఫా మందులు గాని పెనిసిలిన్ గాని దానిపై పనిచేయలేదు. 1944లో మన్రో ఈటన్ అను శాస్త్రజ్ఞుడు ఆ రోగక్రిమిని వడపోతగుండ దాటించి, కోడిగుడ్డులలోని పిండములందు పెంచెను. వడపోతను దాటినది కావున అదియును వైరసే అని నిర్ణయించిరి. దానికి వైరసు న్యుమోనియా అను పేరు స్థిరపడెను.

ఆరియోమైసిన్ చేతికి రాగానే వైద్యులు దానిని ఈ వ్యాధులపై కూడ ప్రయోగించి చూచిరి. చిలుకల జ్వరము తగ్గెను. వైరసు న్యుమోనియా రోగులలో పెక్కుమందికి జ్వరము త్వరగా దిగెను. ఆశ్చర్యముతో పాటు ఆశయు మిన్నుముట్టెను. వైరసులను కూడ జయించు యాంటీబయాటిక్ దొరికినదని ప్రచారము జరిగెను. అట్లయినచో ఇన్‌ఫ్లుయెంజాకును, జలుబునకును, ఇతర వైరసు జ్వరములకును ఇదే మందు చాలును గదా! కాని పరీక్షలో ఆ ఆశ నిలువలేదు. ఇన్‌ఫ్లుయెంజా ఆ మందును లెక్కచేయలేదు. జలుబు తన దినములు తాను తీసికొని తానే తగ్గెను. ఒకే మందు కొన్ని వైరసులకు అమృతమై, మరికొన్నిటికి మంచినీరు వలె నిరుపయోగమగుట ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము వినుటకు సుబ్బారావు బ్రతికియుండలేదు. ఆరియోమైసిన్ ప్రకటింపబడిన కొలది దినములకే, 1948 ఆగష్టు నెలలో, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు మాత్రమే. దాదాపు 26 ఏండ్లు అమెరికాలో గడిపినను ఆయన భారతీయ పౌరుడుగనే మరణించెను. మాతృభూమికి స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఒక్క సంవత్సరమైనను నిండలేదు. ఆయన ఆ స్వతంత్ర భూమిపై అడుగిడలేదు. ఇంటివద్ద వేచియున్న శేషగిరమ్మను మరల చూడలేదు.

ఆయన వెడలిన 14 ఏండ్లకు ఆ చిక్కుముడి వీడెను. 1962లో రాబర్ట్ చానక్, లెనార్డ్ హేఫ్లిక్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈటన్ కనుగొన్న క్రిమిని జీవకణములు లేని కృత్రిమాహారమునందు పెంచి చూపిరి. అది వైరసే కాదు! అది మైకోప్లాస్మా అను మిక్కిలి చిన్న బాక్టీరియా. అతిసూక్ష్మమగుటచేతను, బిరుసైన గోడ లేక మెత్తగా ఉండుటచేతను అది వడపోతగుండ దూరిపోవుచుండెను. గోడయే లేదు కావున గోడను పడగొట్టు పెనిసిలిన్ దానిని ఏమియు చేయలేకపోయెను. కాని దానికి సొంత పొయ్యి కలదు. కనుక ఆరియోమైసినుకు అది లొంగెను. చిలుకల జ్వరమును కలిగించునది కూడ మన కణములలో దాగి బ్రతుకు బాక్టీరియాయే అని అదే దశాబ్దమున తేలెను. ఆరియోమైసిన్ వైరసును జయింపలేదు. వైరసు వేషము వేసికొన్న బాక్టీరియాను అది గుర్తుపట్టెను. సూక్ష్మదర్శిని చూపలేకపోయిన సత్యమును మందు ముందుగనే సూచించెను. వైద్యులు ఆ సూచన గ్రహించుటకు పదునాలుగేండ్లు పట్టెను.

ఆరియోమైసిన్ వంశము వర్ధిల్లెను. 1950 తరువాతి సంవత్సరములలో లాయిడ్ కోనోవర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దానినుండి క్లోరిను పరమాణువును తొలగించి టెట్రాసైక్లిన్ అను మందును చేసెను. 1967 నాటికి అదే కుటుంబమునందలి డాక్సీసైక్లిన్ వాడుకలోనికి వచ్చెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము వ్యాపించినప్పుడు, ప్రజలకు పంచిన మాత్రలు టెట్రాసైక్లినువే. సముద్రములు దాటి వెడలిన సుబ్బారావు తిరిగిరాలేదు. కాని ఆయన తెరచిన మార్గమున పుట్టిన మందు మన దేశమునకు కష్టకాలమున రక్షణగా వచ్చెను.

పాత ప్రశ్న 2020లో మరల తలయెత్తెను. కోవిడ్-19 అను మహమ్మారి ప్రపంచమును చుట్టుముట్టెను. అది నిజముగా వైరసు వలన కలుగు శ్వాసకోశ వ్యాధి. క్రొత్త మందును కనుగొనుటకు ఏండ్లు పట్టును. రోగి అన్నినాళ్లు ఆగలేడు. కావున ఉన్న మందులలో ఏదైన పనికివచ్చునేమోయని వైద్యులు వెదకిరి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ అను యాంటీబయాటిక్ మందులు వాపును తగ్గించుననియు, ప్రయోగశాలలో వైరసును కొంత అణచుననియు ఆశ కలిగెను. అనేక దేశములలో పరీక్షింపకమునుపే వానిని విరివిగా వాడిరి.

బ్రిటను దేశమున వానిని క్రమపద్ధతిని పరీక్షించిరి. రోగులను చీటీలు వేసినట్లు రెండు తెగలుగా విడదీసి, ఒక తెగకు మందు చేర్చి, రెండవ తెగకు మామూలు చికిత్స మాత్రమే జరిపి, ఫలితములను పోల్చిరి. ఆస్పత్రులలోని 7,700కు పైగా రోగులపై జరిగిన పరీక్షలో అజిత్రోమైసిన్ ఒక్క ప్రాణమునైనను అదనముగా నిలుపునట్లు కనబడలేదు. ఇండ్లయందే ఉన్న రోగులకు ఇచ్చిన డాక్సీసైక్లిన్ కూడ కోలుకొనుటను త్వరపరుపలేదు. ఈ ఫలితములు 2021లో వైద్య పత్రికలలో ప్రచురింపబడెను. కాని అదే విధమైన పరీక్షలో మరియొక పాత మందు గెలిచెను. అది డెక్సామెథాసోన్. అది వైరసును చంపదు. హద్దుమీరిన శరీరపు సొంత వాపును అణచును. కృత్రిమ శ్వాసయంత్రముపై ఉన్న రోగులలో మరణములను అది మూడింట ఒక వంతు తగ్గించెను. పాత మందునకు క్రొత్త పని అప్పగించుట తప్పు కాదు. పరీక్షింపకయే నమ్ముట తప్పు.

ఈ విషయము మన నిత్యజీవితమునకు దూరమైనది కాదు. జలుబు చేసినను, గొంతు నొచ్చినను, దుకాణమునకు పోయి యాంటీబయాటిక్ మాత్రలు కొని మ్రింగువారు మన ఊళ్లలో పెక్కుమంది కలరు. జలుబు సాధారణముగా వైరసు వలన వచ్చునది. ఆ మాత్రలు దానిని తాకవు. పైగా మన శరీరముననున్న బాక్టీరియా ఆ మందునకు అలవాటుపడి, నిజముగా అవసరమైన దినమున లొంగక ఎదురు తిరుగును. ఎందరో శాస్త్రజ్ఞులు చిటికెడు చిటికెడు మట్టిని వెదకి సంపాదించిన ఆయుధమును ఇట్లు మొద్దుబారచేయుట తగదు. యాంటీబయాటిక్ ఎప్పుడు వాడవలెనో, ఎన్ని దినములు వాడవలెనో వైద్యుడు చెప్పవలెను.

సుబ్బారావు పేరు నోబెలు బహుమానము పొందినవారి పట్టికలో లేదు. ఒక శిలీంధ్రమునకు 1953లో ఆయన స్మృతిచిహ్నముగా సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము తపాలా బిళ్ల వెలువరించెను. అవి చిన్న గౌరవములు. నేడు మన దేశమున గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రలోను, క్యాన్సరుతో పోరాడు బిడ్డకు ఎక్కించు మందులోను, బోదకాలు నివారణకు పంచు మాత్రలోను ఆయన కృషి సజీవముగా ఉన్నది. మెట్రిక్యులేషను రెండు మారులు తప్పిన ఆ బాలుడు మూడవసారి పరీక్షకు కూర్చుండకపోయినచో, ఈ మందులు ఎప్పుడు, ఎవరిచేత లోకమునకు లభించియుండెడివో! ఓటమికి వెరవక మరల ప్రయత్నించుట, ఆశకు లొంగక సత్యమును పరీక్షించి తెలిసికొనుట, ఫలము లభించినప్పుడు తన పేరును వెనుకనుంచుట, ఈ మూడును ఆయన జీవితమున మనము నేర్వదగిన గుణములు.